కరకట్ట మీద కరెంటు పాఠం

కొత్తగా బండెక్కినవాళ్లకు ఇంజిను చప్పుడు నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. గేర్లు వారంలో వస్తాయి. ఎన్నాళ్లకీ అంతుపట్టనిది మాత్రం కరెంటే! విజయవాడ నుంచి దివిసీమకు వంద సీసీ బండి మీద బయల్దేరి, నడిదారిలో లైటు పోగొట్టుకున్న ఓ కొత్త రౌతు కథ ఇది.

'అన్నా... వెనక లైటు లేదన్నా!'

ట్రాక్టరు కుర్రాడు అలా కేకేసేదాకా నాకా సంగతే తెలీదు. 2025 జనవరి, సంక్రాంతి ముందు శనివారం. తోట్లవల్లూరు దాటాను. కృష్ణ కరకట్ట మీద పొద్దు వాలిపోయింది. కుడివైపు కట్ట కింద లంక పొలాలు, వాటి అవతల నది. ఎడమవైపు అరటి, పసుపు, చెరకు తోటలు. ముందు లైటు బాగానే వెలుగుతోంది. దారి కనిపిస్తోంది కదాని ధీమాగా పోతున్నా. వెనక నుంచి చెరకు లోడుతో వచ్చిన ట్రాక్టరు ఒక్కసారిగా పక్కకు తిరిగి, మోచేతికి చెరకాకు తగిలేంత దగ్గరగా దాటుకుని వెళ్లి ఆగింది.

'ఇంత దగ్గరకొచ్చేదాకా కనపళ్లేదన్నా. ఆ చొక్కా తెల్లగా ఉంది కాబట్టి సరిపోయింది' అన్నాడా కుర్రాడు. అతని గొంతు వణుకుతోంది. నా కాళ్లూ వణుకుతున్నాయి.

కరకట్ట మీద దారి దీపాలుండవు. రెండు బండ్లు ఎదురైతే ఒకటి తగ్గాల్సిందే. అక్కడ లైటంటే మనం దారి చూడ్డానికి మాత్రమే కాదు, వెనక వచ్చేవాడు మనల్ని చూడ్డానికి కూడా అని ముప్పై అయిదేళ్లొచ్చాక నాకు ఆ సాయంత్రం తెలిసింది.

ఆలస్యంగా ఎక్కిన బండి

మా ఇంట్లో స్కూటరు నడిపేది మా ఆవిడ. వెనక కూర్చునేది నేను. ఉద్యోగానికి సిటీ బస్సు, ఊరికెళ్లడానికి ఆర్టీసీ... బండి నేర్చుకునే అవసరం రాలేదనే చెప్పుకునేవాణ్ణి. అసలు కారణం భయం. 2024 చివర్లో వేళాపాళా లేని పనుల వల్ల ఇక తప్పలేదు. డిసెంబర్లో నగరంలోని ఓ కాలనీలో సెకండ్‌హ్యాండ్ బండి చూశాను. పదేళ్ల నాటి వంద సీసీ బండి. తళతళా మెరుస్తోంది. ట్యాంకు మీద కొత్త స్టిక్కర్లు. 'వరద నీళ్లలో పడిందా?' అని అడిగాను. 'లేదు సార్' అన్నాడు అమ్మినాయన. తలొంచుకుని అన్నాడన్న సంగతి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

మొదటివారమే ఓ ఉదయం సెల్ఫ్ నొక్కితే ఇంజిను తిరగలేదు. సీటు కింద ఎక్కడో 'టక్ టక్' మంది అంతే. సెల్ఫ్ మోటారు కాలిపోయిందని నేను నిర్ధారించేశాను. మా ఆవిడ వచ్చి పక్క డోము ఊడదీయించింది. బ్యాటరీ టెర్మినల్ చుట్టూ తెల్లటి బూజులాంటి పొడి, బోల్టు వదులు. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తుడిచి, బిగించాక ఒక్క నొక్కుకే స్టార్టయింది. 'టక్ టక్ మందంటే మోటారు దాకా సరిపడా కరెంటు రావట్లేదని అర్థం. ముందు బ్యాటరీ, బోల్టులు చూడాలి. మోటారు సంగతి ఆ తర్వాత' అంది. అది నా మొదటి పాఠం. రెండోది కరకట్ట మీద రాసిపెట్టి ఉంది.

దివిసీమలో, కోడూరు వైపు మా అమ్మమ్మగారి ఊరు. విజయవాడ నుంచి అవనిగడ్డకు కట్ట మీదుగా అరవై కిలోమీటర్ల పైచిలుకు. యనమలకుదురు, పెదపులిపాక, చోడవరం, తోట్లవల్లూరు... పండక్కి బస్సులో నిలబడి వెళ్లే బదులు నది పక్కనే బండి మీద వెళ్లాలని సరదా పుట్టింది. బయల్దేరేసరికి మధ్యాహ్నమైంది. కొత్త చేతులు కాబట్టి వేగమూ తక్కువే. అలా చీకట్లో చిక్కుకున్నాను.

బ్రేకు నొక్కితే ఇండికేటరు!

ట్రాక్టరు వెలుతుర్లో బండి ఆపి చూశాను. వెనక లైటు లేదు. బ్రేకు లైటూ లేదు. వెనక ఇండికేటర్లు రెండూ లేవు. ముందు ఇండికేటరేమో ఆరకుండా వెలిగి కూర్చుంది. వింతేమిటంటే బ్రేకు నొక్కితే ఇండికేటర్లన్నీ మిణుకుమంటున్నాయి. వదిలితే ఆరిపోతున్నాయి. బండికి దయ్యం పట్టిందేమో అనిపించింది.

ట్రాక్టరు కుర్రాడు మంచివాడు. 'నా ముందు పో అన్నా, నా లైటులో' అంటూ తర్వాతి ఊరి దాకా వెనకే వచ్చాడు. కట్ట దిగగానే వేపచెట్టు కింద ఓ రేకుల షెడ్డు. పండగ ముందు కాబట్టి అప్పటికే నాలుగు బండ్లు వరసలో ఉన్నాయి. మెకానిక్కుకు యాభై దాటి ఉంటాయి. నా గోడంతా విని, చేతిలో పని వదలకుండానే అడిగాడు.

'హారన్ మోగుతోందా బాబూ?'

'మోగుతోంది బాబాయ్.'

'అయితే ఫ్యూజుని తిట్టకు. హెడ్‌లైటు?'

'వెలుగుతోంది. రేజ్ చేస్తే ఇంకా పెరుగుతోంది.'

'దానికి మాగ్నెటో నుంచి నేరుగా వస్తది. బ్యాటరీతో పనిలేదు. సరే... వెనక నాలుగు బల్బులూ ఒకేసారి మాడిపోతాయా?'

'పోవు.'

'మరి నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేంటి?'

నేను నీళ్లు నమిలాను. ఆయన నవ్వాడు. 'పొలం ఉందా మీకు?' 'మా మావయ్య శివారు రైతు' అన్నాను. 'ఇంకేం! పొలానికి నీళ్లొచ్చే బోదె ఒక్కటుంటే చాలా? మురుగు పోయే దారి ఉండాలా వద్దా? మురుగు కాలువ పూడిపోతే నీ చేలో నీళ్లు పక్కోడి చేలోకి ఎగదన్నుతాయి. నీ బండికి పట్టిన దయ్యం అదే' అన్నాడు.

అప్పుడు విప్పి చెప్పాడు. బ్యాటరీ ప్లస్సులో బయల్దేరిన కరెంటు ఫ్యూజు, తాళం, స్విచ్చి దాటి బల్బు దాకా వస్తుంది. దాన్ని వెలిగించి అక్కడే ఆగిపోదు. తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేరాలి. ఆ తిరుగుదారి పేరే ఎర్తు. బండి చట్రమే చాలామటుకు ఆ పని చేస్తుంది. వెనక లైట్లన్నిటి నుంచీ వచ్చే ఎర్తు తీగలు ఒక్కచోట కలిసి చట్రానికి చేరతాయి. ఆ ఒక్క దారి మూసుకుపోతే బల్బులన్నీ బాగానే ఉన్నా ఒక్కటీ వెలగదు. బ్రేకు లైటుకొచ్చిన కరెంటు పోయే దారి లేక, వెనక ఇండికేటరు బల్బులోకి ఎదురెక్కి, దాని తీగ వెంట ముందు ఇండికేటరుకు వెళ్లి, అక్కడి ఎర్తులో దిగిపోతుంది. అంత చుట్టుతిరుగుడులో బలం చచ్చి మిణుకుమంటుంది. అంతే!

చెప్పి ఊరుకోలేదు. మూరెడు తీగ ముక్క తీసుకున్నాడు. ఒక కొస వెనక లైటు ఎర్తు తీగకు, రెండో కొస బ్యాటరీ మైనస్‌కి ఆనించాడు. నాలుగు బల్బులూ భగ్గున వెలిగాయి. ఏ విడిభాగమూ కొనలేదు. ఏ బల్బూ మార్చలేదు. నాకు మాత్రం ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడు పిల్లలు అరిచినట్టు అరవాలనిపించింది.

కప్లర్లో బుడమేరు

ఇక ఆ దారి ఎక్కడ తెగిందో చూడాలి. సీటు విప్పి, వెనక వైరింగు వచ్చి కలిసే తెల్లటి ప్లాస్టిక్ కప్లరు లాగాడాయన. లోపల రాగి కనపడాల్సిన చోట ఆకుపచ్చటి చిలుము. దాని చుట్టూ ఎండి గట్టిపడిన గోధుమరంగు మట్టి. గోటితో గీకి నా అరచేతిలో వేశాడు. 'ఇది మా కరకట్ట దుమ్ము కాదు బాబూ. కప్లరు లోపలికి మట్టి నీళ్లతోనే పోద్ది. నీది మునక బండి' అన్నాడు.

2024 సెప్టెంబర్ 1 నాటి విజయవాడను మర్చిపోగలమా! కుండపోత వానకు బుడమేరు పొంగింది. వెలగలేరు రెగ్యులేటర్ నుంచి వరదను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ చానల్‌కు గండ్లు పడ్డాయి. అటు చూస్తే కృష్ణే నిండుకుండ. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక ఎన్నడూ లేనంతగా సెప్టెంబర్ 2న 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. కరకట్ట లోపలి లంక ఊళ్లు మునిగాయి. బుడమేరు నీళ్లకు పోయే దారి లేక సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోనే రోజుల తరబడి నిలబడిపోయాయి. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు తిరిగాయి. నీళ్లు తీశాక వీధి వీధినా బురద పట్టిన బండ్లే. మెకానిక్కు షెడ్ల ముందు బారులు తీరిన బండ్ల ఫొటోలు అప్పట్లో మనమంతా చూశాం. మునిగిన ఇళ్లతోపాటు వాహనాలకూ ప్రభుత్వం సాయం ప్రకటించింది. ద్విచక్ర వాహనానికి 3 వేలు, ఆటోకు 10 వేల రూపాయలు.

మునిగిన బండి ఇంజిను బాగుచేయడం మెకానిక్కులకు తెలిసిన విద్యే. ఆయిల్ మార్చి, ప్లగ్ తీసి, నీళ్లు వంచేస్తే చాలావరకు లేచి కూర్చుంటుంది. కానీ తీగల కొసల్లో, కప్లర్ల సందుల్లో దాక్కున్న తడి తొందరపడదు. నెమ్మదిగా రాగిని తింటుంది. మూడు నాలుగు నెలలకు, ఎవరూ వరదను తలచుకోని రోజున, ఏ చీకటి దారిలోనో లైటు ఆర్పేస్తుంది.

నాకు ఒళ్లు మండింది. అక్కడి నుంచే బండి అమ్మినాయనకు ఫోన్ చేశాను. నేను అరిచినంతసేపూ ఆయన మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు... 'ఆ బండి మీదే పాలు వేసేవాణ్ణి సార్. అయిదు రోజులు నీళ్లలో ఉంది. ఇంజిను పనికి వచ్చిన సాయం కంటే ఎక్కువే అయింది. మునిగిందని చెప్తే ఎవరూ కొనట్లేదు. పిల్లాడి ఫీజుకు అమ్మాను. కావాలంటే ఓ వెయ్యి వెనక్కిస్తాను సార్.'

ఆ వెయ్యి అడగబుద్ధి కాలేదు. 'ఇకనుంచి ఎవరికైనా అమ్మితే ఒక్క మాట చెప్పండి. రాత్రిపూట నడిపేవాళ్లుంటారు' అన్నాను. 'తప్పే సార్' అన్నాడు.

బాబాయ్ ఈలోగా కప్లరు కాళ్లను గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, చట్రం మీద ఎర్తు బోల్టు కింద పెయింటు గీకి బిగించాడు. పైన కాస్త పెట్రోలియం జెల్లీ పూశాడు. 'దివిసీమ పోతున్నావు, ఉప్పు గాలి. ఇది రాసుకుంటే తడి పట్టదు' అంటూ వంద రూపాయలు పుచ్చుకున్నాడు.

పులిగడ్డ అవతల

ఆ రాత్రి బండి అక్కడే ఆపేసి, మర్నాడు ఉదయం మంచులో బయల్దేరాను. ఘంటసాల మండలం శ్రీకాకుళం దగ్గర ఆగి ఆంధ్ర మహావిష్ణువును దర్శించుకున్నాను. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాయడానికి స్వామి కలలో కనిపించి ఆదేశించిన చోటిది. అక్కడి నుంచి మోపిదేవి, పులిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను చేతుల్లోకి తీసుకుంటుంది. పాయకు అడ్డంగా కట్టిన అక్విడక్టు మీదుగా కాలువ నీళ్లు నదిని దాటి సీమలోకి వెళతాయి. కింద నది, పైన కాలువ! బ్యారేజీ దగ్గర బయల్దేరిన నీళ్లు ఇంత దూరం వచ్చి ఆ చివరి చేను తడపాలి. నేను బండి ఆపి చాలాసేపు చూశాను. నిన్నటిదాకా అదో వంతెన. ఇవాళ అది ఓ పొడవాటి తీగలా కనిపించింది.

ఇంటికెళ్లగానే మావయ్యకు కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. 'మీ మెకానిక్కు మా బాధే చెప్పాడ్రా' అన్నాడు. 1855లో ఆనకట్ట కట్టినప్పటి నుంచి కృష్ణా డెల్టాలో ఎప్పుడూ నీళ్ల రాక గురించే మాట్లాడుకుంటారు. ఎప్పుడు వదులుతారు, ఎన్ని క్యూసెక్కులు, శివారుకు చేరతాయా లేదా... 2015 నుంచి పట్టిసీమ మీదుగా గోదావరి నీళ్లూ వచ్చి కలుస్తున్నాయి. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు మరి! కానీ వాన పడినప్పుడు చేలో నీళ్లు ఎటు పోవాలి? మురుగు కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ. సముద్రానికి పోటు వస్తే ఉప్పునీళ్లు ఆ కాలువల్లోంచే వెనక్కి ఎగదన్నుతాయి. 'నీళ్లు రాక ఎండిన ఏడూ ఉంది, పోక కుళ్లిన ఏడూ ఉంది. రెండూ ఒకటే నష్టం' అన్నాడు మావయ్య. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసిన అమ్మమ్మ ఆ మాటకు తలూపింది. నీళ్ల పోకడ గురించి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆటోనగర్ అక్షరాభ్యాసం

పండగయ్యాక విజయవాడ వచ్చి నేరుగా ఆటోనగర్ వెళ్లాను. బందరు రోడ్డు పక్కన లారీల బాడీలు కట్టేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, డైనమోలు చుట్టేవాళ్లు... దేశం నలుమూలల లారీలకూ ఇక్కడ వైద్యులున్నారు. ఓ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని మల్టీమీటరు పట్టుకోవడం నేర్చుకున్నాను. లారీకి 24 వోల్టులు, మన బండికి 12. లెక్క మాత్రం ఒకటే అన్నాడాయన.

ఇంజిను ఆపి కాసేపయ్యాక బ్యాటరీ రెండు కొసల మధ్య 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12కు దిగితే నీరసించినట్టు. ఇంజిను స్టార్టు చేసి కాస్త రేజ్ చేస్తే 14 వోల్టుల దాకా పెరగాలి. పెరగలేదంటే ఛార్జింగ్ అందట్లేదు. తప్పు బ్యాటరీది కాదు, మాగ్నెటో కాయిల్‌దో రెగ్యులేటర్‌దో కావచ్చు. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ కొంటే అదీ నాలుగు రోజుల్లో పడుకుంటుంది. 15 దాటిందా, రెగ్యులేటరు అదుపు తప్పినట్టే. బల్బులు వరసగా మాడిపోతాయి, బ్యాటరీ ఉడికిపోతుంది. మీటరు ధర కొన్ని వందలే. అదీ వద్దనుకుంటే పాత ఇండికేటరు బల్బుకు రెండు తీగలు కట్టుకున్నా సగం పని జరుగుతుంది.

బండి మొరాయిస్తే...

మెకానిక్కు దగ్గరకు నెట్టుకుంటూ వెళ్లేముందు ఇవి చూసుకోండి.

అసలు కదలకపోతే: ముందు హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చి చూడండి. తెలీకుండా వేలు తగిలి ఆఫ్ అయి ఉంటుంది. కొత్త బండ్లలో సైడ్ స్టాండ్ వేసి ఉండి గేరు పడితే ఇంజిను ఆగిపోతుంది. సిగ్గుపడకండి, అందరికీ జరిగేదే.

అన్నీ ఒకేసారి పోతే: ఫ్యూజు, బ్యాటరీ బోల్టులు, తాళం. ఫ్యూజు పోతే దాని మీద ఎంత అంకె ఉందో అదే వేయాలి. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగో చుట్టారంటే తర్వాత కాలేది ఫ్యూజు కాదు, వైరింగు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో తీగ ఒరుసుకుని చట్రానికి తగులుతున్నట్టు.

ఒక్కటే పోతే: ముందు బల్బు, తర్వాత దాని స్విచ్చి. ఇండికేటరు మామూలు కంటే వేగంగా కొట్టుకుంటున్నా, ఆరకుండా ఉండిపోయినా ఆ వైపు ఓ బల్బు వెలగట్లేదని అనుమానించండి.

పక్కపక్కవన్నీ కలిసి పోతే: ఎర్తు. ఒకటి నొక్కితే మరొకటి మిణుకుమంటే సందేహమే అక్కర్లేదు.

వస్తూ పోతూ ఉంటే: హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూడండి. తిప్పినప్పుడల్లా మెడ దగ్గర తీగలు నలిగి, పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగుతుంది.

ఒక్క జాగ్రత్త. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బురేటర్ బదులు ఇంజెక్టర్, కంప్యూటర్ పెట్టె ఉన్నాయి. వాటికి బ్యాటరీ పూర్తిగా పడిపోతే కిక్కు కొట్టినా లాభం ఉండకపోవచ్చు. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీగలు ఊడదీయకండి. ఇక బండి నీళ్లలో మునిగితే, వెంటనే స్టార్టు చేయాలనే ఆత్రం వద్దు. బ్యాటరీ తీగ విప్పి షెడ్డుకు చేర్చండి. కప్లర్లన్నీ ఊడదీసి ఆరబెట్టమని అడగండి. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు ట్యాంకు మెరుపు చూసి మురిసిపోకుండా సీటెత్తి ఓ కప్లరు లాగి చూడండి. నిజం అక్కడుంటుంది.

ఆ బండి నేను అమ్మలేదు. ఒక్కో ఆదివారం ఒక్కో కప్లరు చొప్పున విప్పి, తుడిచి, బిగించాను. హెడ్‌లైటు డోములోని చివరి కప్లర్లో కూడా చిటికెడు బుడమేరు మట్టి దొరికింది.

మొన్నామధ్య మళ్లీ కరకట్ట మీద చీకటి పడింది. ముందు ఓ ట్రాక్టరు, వెనక ఎర్ర లైటు లేకుండా నల్లగా పోతోంది. పక్కకొచ్చి, 'తమ్ముడూ, వెనక లైటు లేదు' అని కేకేశాను. ఆపాడు. ఇద్దరం దిగాం. నా డిక్కీలో మూరెడు తీగ ముక్క ఎప్పుడూ ఉంటుంది. దాని ఒక కొస లైటు ఎర్తుకు, రెండో కొస చట్రానికి ఆనించాం. వెలిగింది.

మీరు కూడా ఇవాళ సాయంత్రం బండి తీసేముందు ఓసారి వెనక్కి వెళ్లి చూడండి. మీ వెనక వచ్చేవాళ్లకు మీరు కనపడుతున్నారో లేదో!